ఇసుకతిన్నెల నడుమ రెండు రాత్రులు

మా బత్తలపల్లె ప్రాంతమున పుట్టినవారందరు చిన్ననాడు బడిలో వినిన మాట ఒకటి కలదు. భారతదేశములో అన్నిటికంటె తక్కువ వాన కురియు తావు జైసల్మేరు. దాని తరువాత మన అనంతపురము జిల్లా. ఈ మాటను మా పంతుళ్ళు చెప్పిరి, మేమును మా పిల్లలకు చెప్పితిమి. సభలలో నాయకులు చెప్పిరి, పత్రికలు వ్రాసినవి. మా ఊరు 2022వ సంవత్సరములో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, ఆ మాట మాత్రము మమ్ములను విడువలేదు. అది విని విని, జైసల్మేరు మా జిల్లాకు అన్నగారైనట్లును, ఒకే కష్టమును ఇద్దరము పంచుకొన్నట్లును నా మనస్సులో నిలిచిపోయినది.

మా పెద్దవాడు ఉత్తరదేశమున ఉద్యోగము చేయుచున్నాడు. గత మాఘమాసములో అతడు, "నాన్నా, మీరును అమ్మయు ఒక్కమారు ఎడారిని చూడవలెను" అని పట్టుపట్టి, ఇసుకతిన్నెల నడుమ ఉన్న ఒక విహారవిడిదిలో రెండు రాత్రులకు ఏర్పాటు చేసెను. "ఎడారి చూచుటకు అంత దూరము పోవలెనా? చైత్రమాసమున మన ఊరి చేలగట్టున నిలుచున్న చాలదా?" అని మా ఇంటావిడ నవ్వినది. అయినను బయలుదేరితిమి.

జోధపురము దాటి పడమరగా పోవుచున్నకొలది నేను ఊహించినట్లు ఇసుక కనబడలేదు. రాతినేల, గులకనేల, ముళ్ళతుప్పలు, అచటచట మేకలమందలు. థార్ ఎడారి అంతయు ఇసుకసముద్రము కాదని అప్పుడు తెలిసినది. దారిలో చెట్లు తక్కువైనను, ఉన్న ప్రతి చెట్టు క్రింద ఏదో ఒక పశువు నిలిచియున్నది. సాయంకాలమునకు జైసల్మేరు కోట దూరమునుండి పసుపుముద్దవలె కనబడినది. 1156లో రావల్ జైసల్ స్థాపించిన పట్టణమది. ఒంటెల బిడారులపై జరిగిన వర్తకముతో అది పెరిగినది. ఇండ్లు, అంగళ్ళు, ఆలయములు అన్నియు పసుపువన్నె రాతితో కట్టినవే. ఆ కోటలో నేటికిని జనులు కాపురమున్నారు.

పట్టణమునుండి సుమారు 40 కిలోమీటర్లు పడమరగా పోయిన సమ్ అను గ్రామము వచ్చును. తిన్నెలు అచట ఉన్నవి. వాటి అంచున వరుసలు వరుసలుగా గుడారములు వేసి విడుదులు ఏర్పరచినారు. గుడారమనగా మన సంతలో వేయు పందిరి వంటిది కాదు. లోపల మంచములు, తివాచీలు, అద్దము, విద్యుద్దీపములు, వెనుకవైపున స్నానపుగది, అందులో త్రిప్పిన నీరు వచ్చు కొళాయి. మా ఇంటావిడ ఆ కొళాయిని చూచి, త్రిప్పుటకు సంకోచించి, "ఈ నీరు ఎచటిది?" అని పనివానిని అడిగినది. ట్యాంకరు లారీలో తెచ్చి పోయుదురట. ఆమె రెండు దినములును అరబకెట్టు నీటితో స్నానము ముగించినది. ఎవరును అట్లు చేయుమని చెప్పలేదు. బోరు ఎండిన వేసవులలో అలవాటైన చేయి అది, అంతియే.

ప్రొద్దుగూకుటకు ముందు అతిథులను ఒంటెలపై తిన్నెలమీదికి కొనిపోవుదురు. మా ఒంటెను నడిపినవాడు ఇరువదియేండ్ల పిల్లవాడు. నన్ను "బాబూజీ" అని పిలుచుచు, పగ్గము పట్టుకొని ఇసుకలో వట్టికాళ్ళతో నడిచెను. తిన్నె కొసకు చేరి దిగితిమి. ఆ సౌందర్యమును లేదనుట అసత్యమగును. కనుచూపుమేర అలలు అలలుగా ఇసుక, ప్రతి అలకు ఒక ప్రక్క వెలుగు, ఒక ప్రక్క నీడ. కాలి క్రింద సన్నని చారలు, ఎవరో దువ్వెనతో దువ్వినట్లు. అతిథులందరు ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. నేను కూర్చుండి ఇసుకను పిడికిట పట్టి జారవిడిచితిని. మెత్తగా, ఎండుగా, పిండివలె జారినది.

ఆ ఇసుక నడక చూడదగినది. గాలి వీచునపుడు రేణువులు ధూళివలె ఆకాశమునకు ఎగురవు. ఒక్కొక్క రేణువు కప్పవలె ఎగిరి, కొంత దూరమున పడి, పడినచోట మరికొన్ని రేణువులను ఎగురగొట్టును. ఇట్లు దుముకుచు, దొరలుచు పోవు ఇసుకలో చాల భాగము మన మోకాలి ఎత్తునకు లోబడియే పోవును. గాలి వచ్చు ప్రక్క తిన్నె వాలు మెల్లగా ఉండును. కొసకు చేరిన ఇసుక అవతలి ప్రక్క జారిపడును గనుక అచట వాలు నిటారుగా, సుమారు 32 నుండి 34 డిగ్రీలు ఉండును. వెనుక తీసికొని ముందు వేసికొనుచు తిన్నె అంతయు కదలును. ఈ సంగతులను లిబియా ఎడారిలో తిరిగి, తరువాత ప్రయోగశాలలో పరీక్షించి, బాగ్నోల్డ్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి 1941లో గ్రంథముగా వెలువరించెను. ఇసుక మోకాలి ఎత్తున పోవునను ఈ ఒక్క సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను. దానితో మనకు పని ఉన్నది.

రాత్రి భోజనమునకు సజ్జరొట్టె పెట్టిరి. మాకు ప్రాణము లేచి వచ్చినట్లైనది. దానితోపాటు సన్నని ఎండు చిక్కుడు వంటి కాయలతో చేసిన కూర వడ్డించి, "కేర్ సాంగ్రీ" అనిరి. సాంగ్రీ అనగా ఏమని అడిగితిని. ఖేజ్రీ చెట్టు కాయలట. వంటవాడు గుడారపు వెలుపల ఉన్న చెట్టును చూపెను. దగ్గరకు పోయి ఆకు త్రుంచి చూచితిని. అది మన జమ్మి. విజయదశమి నాడు ప్రదక్షిణము చేసి, ఆకును పెద్దల చేతిలో పెట్టి నమస్కరించు ఆ జమ్మి! మనము దానిని సంవత్సరమునకు ఒక్కదినము పూజింతుము. వారు దాని కాయను తిందురు, ఆకును ఒంటెకు మేకకు మేపుదురు, నీడలో సజ్జచేను పండింతురు. వేరు లోతునకు పోవును గనుక ఆ చెట్టు పైరుతో నీటికి పోటీపడదు. రాలిన ఆకు నేలకు బలమిచ్చును. చేలో జమ్మిని కొట్టక కొమ్మలు మాత్రము నరకి మరల చిగురింపనిత్తురు. 1730లో జోధపురము సమీపమున ఖేజడ్లీ గ్రామమున రాజభటులు కట్టెలకై ఈ చెట్లను కొట్టవచ్చినపుడు, అమృతాదేవి అను బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకొని ప్రాణము విడిచినది. ఆమె వెంట మొత్తము 363 మంది ప్రాణములిచ్చిరని ఆ సమాజమువారు నేటికిని స్మరింతురు.

భోజనానంతరము మాంగణియార్ గాయకులు పాడిరి. తరతరములుగా పాటయే వృత్తియైన ముసల్మానులు వారు. హిందూ యజమానుల ఇండ్ల పెండ్లిళ్ళకు, పురుళ్ళకు వారి పాటయే శుభము. కమాయిచా అను తంతివాద్యమును కమానుతో మీటుచుండగా, ఒకడు నాలుగు చెక్కపలకలను వ్రేళ్ళమధ్య ఇరికించి మ్రోగించెను. పాట ముగిసి దీపములు ఆర్పిన తరువాత చలి పట్టుకొన్నది. పగలు చెమట పట్టిన తావుననే రాత్రి రెండు రగ్గులు చాలలేదు. గాలిలో తేమ లేనిచో నేల పగటివేడిని తనయొద్ద నిలుపుకొనలేదు. సూర్యుడు ఇచ్చినది అంతయు రాత్రి ఆకాశమునకు తిరిగి ఇచ్చివేయును.

మరునాటి ఉదయము ఒంటెపిల్లవానితో మాటాడుచు కూర్చుంటిని. వచ్చీరాని హిందీలో మా సంభాషణ సాగెను.

"మీది ఏ ఊరు బాబూజీ?"

"దక్షిణదేశము. వానలు లేని ప్రాంతమే. మీ జైసల్మేరు తరువాత మాదే అందురు."

"మీకు ఎంత వాన కురియును?"

సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లని చెప్పితిని. వాడు నమ్మలేదు. మరల అడిగి, నవ్వెను. జైసల్మేరులో 200 మిల్లీమీటర్లు కురిసినచో మంచి సంవత్సరమట. మాకు కురియునది వారికి రెండున్నర రెట్లకు పైగా! తరువాత లెక్కలు చూచుకొంటిని. రాజస్థానములోనే బాడ్మేరు, బికనీరు మా జిల్లాకంటె ఎంతో తక్కువ వాన చూచును. హిమాలయముల ఆవలి లేహ్‌లో కురియునది అంతకంటెను తక్కువ. అరువదియేండ్లు నేను నమ్మిన మాట లెక్కకు నిలువలేదు.

పిల్లవాడు మరల అడిగెను. "మీ సీమలో ఇసుకతిన్నెలు కలవా?"

"కలవు. హగరి అను నది ఒడ్డున."

"వాటిని చూచుటకు జనము వత్తురా? ఒంటెలు ఉన్నవా? మీరు చూచినప్పుడు ఎట్లున్నవి?"

నేను తల దించుకొంటిని. నేను వాటిని చూడనేలేదు. మా ఊరినుండి ఒక పూట ప్రయాణము. అరువదియేండ్లలో ఆ పూట నాకు దొరకలేదు. ఇసుక చూచుటకు దేశము ఈ కొసనుండి ఆ కొసకు పోయితిని.

వాడు తన ఊరి మాట చెప్పెను. "ఇచట అతిథులకు గడ్డిపరక లేని తిన్నె కావలెను. గడ్డి ఉన్నచో బొమ్మ బాగుండదు. మా ఊరిలో తిన్నెపై సేవన్ గడ్డి మొలచినచో అది మాకు పండుగ." ఇంటియొద్ద వాని తండ్రికి కొంత ఖడీను భూమి కలదట. ఖడీను అనగా రాతిమిట్టలపై కురిసిన వాన జారివచ్చు పల్లమునకు అడ్డముగా మట్టికట్ట వేసి, నీటిని నేలలోనికి ఇంకింపజేయు పద్ధతి. నీరు ఇంకిన పిదప, ఆ తేమతోనే, మరొక తడి లేకయే, గోధుమ, సెనగ పండించుకొందురు. పదునైదవ శతాబ్దమునుండి పాలీవాల బ్రాహ్మణులు ఈ కట్టలను వేయుచు వచ్చిరని చెప్పుదురు. మా చెరువులు, కుంటలు వేసినవారి బుద్ధియు ఇట్టిదే. అనంతసాగరమను చెరువుపేరనే కదా అనంతపురము వెలసినది! వారికి 200 మిల్లీమీటర్లతో గోధుమ పండుచున్నది. మాకు 550తో వేరుసెనగ ఎండుచున్నది. కురిసిన వాన రెండు మూడు పెనుజల్లులలో వంకలు పట్టి పోవుటయు, నడుమ బెట్ట నెలలకొలది సాగుటయు అందుకు కారణములే. అయినను, కుంటలు పూడిపోవుట, చేలగట్లపై చెట్లు మాయమగుట ఆకాశము చేసిన పని కాదు.

ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఆ పిల్లవాని ప్రశ్న నన్ను నిలువనీయలేదు. ఆషాఢమాసము వరకు ఆగి, ఒక మిత్రునితో కలసి హగరి ఒడ్డునకు పోయితిని.

వేదవతి కర్ణాటకములో బాబాబుడన్ కొండలయందు పుట్టి, హిరియూరు వద్ద వాణీవిలాససాగరమును, మన జిల్లాలో భైరవానితిప్ప జలాశయమును దాటి, హగరి అను పేరుతో కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములను తాకి, బళ్ళారి సీమలో తుంగభద్రలో కలియును. ఆ రాయదుర్గము తాలూకా యంతయు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిదే. నదిలో నీరు పారు దినములు మిక్కిలి కొద్ది. తక్కిన కాలమంతయు వెడల్పైన ఇసుకపాయ ఎండి పడియుండును. జ్యేష్ఠమునుండి శ్రావణము వరకు పడమటికనుమల దాటి వచ్చు గాలికి మాకు తేవలసిన వాన లేదు. అది కొండల ఆవలనే కురిసిపోయినది. మిగిలినది వట్టి ఊపు. ఆ ఊపునే జిల్లాలోని గాలిమరలు విద్యుత్తుగా మార్చుచున్నవి. ఆ ఊపే నదీగర్భమునుండి ఇసుకను లేపి, గాలి పోవు దిక్కున ఉన్న పొలములపై పోయుచున్నది.

దర్గాహొన్నూరు సమీపమున మేము తిన్నెలను చూచితిమి. వన్నెలోను, చారలలోను సమ్‌లోని తిన్నెలకు ఇవి తోబుట్టువులే. కాని ఇచట తిన్నె ప్రక్కన గుడారము లేదు, చేను ఉన్నది. చేనిగట్టు సగము ఇసుకలో మునిగియున్నది. మాకు త్రోవ చూపిన రైతు ఒక తావున నిలిచి, "ఇది మా కయ్య. ప్రతి యేడు గాలికాలము పోయినంక ఇసుక ఎత్తిపోసుకోవల్ల. ఎత్తేదానికి అయ్యే కూలి, పండే పంటకంటె తక్కువేమీ కాదు సామీ" అనెను. గోవిందవాడలోను ఇదే కథ. ఇందులో మరొక విచిత్రము కలదు. తుంగభద్ర ఎగువకాలువ నీరు పారు సీమయే ఇది. ఒకవైపు కాలువక్రింద పచ్చనివరి, మరొకవైపు నడచు ఇసుక.

అప్పుడు నాకు స్పష్టమైనది. థార్ తిన్నెలు అనేకవేల యేండ్ల గాలికి, ఎండకు పుట్టినవి. వాటిని మనుష్యుడు పుట్టింపలేదు. హగరి తిన్నెలు అట్టివి కావు. వాన లేమిచేత గాక, ఎండిన నదిచేత, అడ్డు లేని గాలిచేత ఇవి పెరిగినవి. నది ఇసుక ఊళ్ళను మ్రింగుట మన దక్షిణమున క్రొత్త కాదు. కావేరి ఒడ్డున తలకాడు ఆలయములు ఇసుకలో మునిగినవి. మా చిత్రావతి పోయి కలియు పెన్నానదిలో, నెల్లూరు జిల్లా పెరుమాళ్ళపాడు వద్ద, ఇసుకక్రింద దాగిన శివాలయమును 2020లో అచటి యువకులు త్రవ్వి వెలికితీసిరి. దేవునికి తప్పనిది రైతు కయ్యకు తప్పునా?

తప్పించు ఉపాయము లేకపోలేదు. జోధపురములో 1952లో ఎడారి వనీకరణకై ఒక కేంద్రము వెలసి, 1959లో అది శుష్కమండల పరిశోధనాసంస్థగా మారినది. తిన్నెను కట్టివేయు విధానమును ఆ సంస్థవారు నిర్ణయించిరి. మొదట తిన్నెపైకి పశువులను పోనీయరాదు. పిమ్మట గాలికి అడ్డముగా ఎండుకంపతో తక్కువ ఎత్తు కంచెలను వరుసలుగానో, చదరంగపు గళ్ళుగానో నాటవలెను. వాటి మాటున గడ్డివిత్తనము చల్లి, మొక్కలు పెట్టవలెను. అంత చిన్న కంచె అంత పెద్ద తిన్నెను ఎట్లు ఆపునని సందేహము కలుగవచ్చును. ఇసుక మోకాలి ఎత్తున పోవునని నేను మొదట మనవి చేసినది ఇందుకే. దొంగ ఎంత ఎత్తున నడచునో, తలుపు అంత ఎత్తున చాలును.

హగరి ఒడ్డునను అటవీశాఖవారు, గ్రామస్థులు చెట్లు పెంచిన తావులు కలవు. చెట్లు నిలిచినచోట ఇసుక నిలిచినది. చెట్లు వంటచెరకై పోయినచోట ఇసుక మరల నడచినది. నాటుట ఒక సంవత్సరపు పని, కాచుట ఒక తరము పని. ఆ రెండవదానికి ఉద్యోగి చాలడు, ఊరు కావలెను. ఖేజడ్లీ ఊరికి ఉన్న పట్టుదల నాకు జ్ఞాపకమునకు వచ్చినది.

మరొక్క మాట. జైసల్మేరు పచ్చికబయళ్ళలో బట్టమేకపిట్ట నేటికిని కొద్దిసంఖ్యలో బ్రదికియున్నది. ఆ పక్షికై మన రోళ్ళపాడులో 1988లో అభయారణ్యము ఏర్పరచినారు. నేడు అచట అది కనబడుట గగనమైనది. వాన తక్కువైన సీమ దానిని కొంతైనను నిలుపుకొన్నది, వాన ఎక్కువైన సీమ పోగొట్టుకొన్నది. అక్కడను విద్యుత్తీగెలు దానికి మృత్యువగుచున్నవి గనుక గర్వపడుటకు వారికిని తావు లేదు.

విహారమునకు పోవలదని నేను చెప్పను. సమ్ తిన్నెలపై కూర్చుండి అస్తమయము చూచిన ఆ గడియ మరపునకు రానిది. ఆ గుడారములవలన ఒంటెపిల్లవాని ఇంట పొయ్యి వెలుగుచున్నది. కాని అతిథికి తిన్నె రెండు రాత్రుల వేడుక, దాని ప్రక్కన పుట్టినవానికి అది బ్రతుకు. మాఘమాసమున జైసల్మేరు పోవు మన సీమవారు ఒక్క ఆషాఢదినము హగరికి కూడ పోయి రావలెనని నా ప్రార్థన. జైసల్మేరు తరువాత మనమే అని చెప్పుకొని తృప్తిపడుట ఇక చాలును. వారికంటె ఎక్కువ వాన గలవారము. దానికి తగినట్లు నడచుకొనుట మన బాధ్యత.

ఆ మధ్యాహ్నము దర్గాహొన్నూరు రైతు మమ్ములను ఇంటికి పిలిచి సజ్జరొట్టె, ఉల్లికారము పెట్టెను. తలుపులు, కిటికీలు అన్నియు మూసియే యున్నవి. పళ్ళెముపై మరొక పళ్ళెము బోర్లించి తెచ్చిరి. అయినను మొదటి ముద్దలోనే ఇసుక పంటి క్రింద పడినది. నేను చూడనట్లు మ్రింగితిని. ఆ ఇంటి ఇల్లాలు మాత్రము గమనించి, "గాలికాలం సామీ, ఏమీ అనుకోవద్దండి" అనెను. ఎడారి నడుమ విడిదిలో రెండు దినములు తిన్న రొట్టెలో ఒక్క రేణువైనను లేదు.